మా మరిది శనివారం సిఫార్సులు

మా మరిదిని మా వీధిలో అందరూ సిఫార్సు అనే పిలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఈయన్ని పట్టుకుంటే ఎక్కడో ఉద్యోగం దొరుకుతుందని ఆశపడి, చేతులు కట్టుకుని వాడి ముందు నిలబడేవాళ్ళు. పాపం, వాడి ఉద్యోగమే అంతంతమాత్రం. వాడు సిఫార్సు చేసేవి వారానికి మూడు. ఒక కామిక్, ఒక సినిమా, ఒక కుస్తీ పోటీ. కుస్తీ అంటే మట్టిలో పట్టేది కాదు. టీవీలో వచ్చేది. నిగనిగలాడే చెడ్డీలు వేసుకుని, తాళ్ళ మీంచి దూకి, మధ్యలో మైకు పుచ్చుకుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేది. దాన్ని రెజ్లింగ్ అనకపోతే వాడికి ఉక్రోషం వచ్చేది.

"కుస్తీ అనకు వదినా, దాని పరువు పోతుంది" అనేవాడు.

దాని పరువు గురించి బెంగపెట్టుకున్న మనిషిని భూప్రపంచంలో వాణ్ణొక్కణ్ణే చూశాను. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి పన్నెండేళ్ళు. అత్తగారూ మామగారూ అప్పటికే లేరు. నా చేతి తిండి తిని పెరిగాడు కాబట్టి వాణ్ణి వాడు అంటాను, తిట్టాలనిపిస్తే తిడతాను. ఈ కథ చెప్పేటప్పుడు కూడా తిడతాను. వినేవాళ్ళు ఏమైనా అనుకోండి.

అన్నదమ్ములిద్దరూ పరుపులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. మా మరిది ఫోమ్ కోసే చోట, మా ఆయన పరుపు అంచుల చుట్టూ పట్టీ కుట్టే మిషన్ మీద. ఫోమ్ దిమ్మలు వచ్చే అట్టపెట్టెలు చింపి, ఆ ముక్కల మీద మా మరిది నల్ల మార్కరుతో సిఫార్సులు రాసేవాడు. శనివారం నాలుగింటికి వీధి చివర మందుల షాపు షట్టరుకి క్లిప్పు పెట్టి తగిలించేవాడు. మందుల షాపాయన ఒప్పుకున్నాడు. అట్ట చదవడానికి వచ్చినవాళ్ళలో సగంమంది తలనొప్పి మాత్రలైనా కొంటారని ఆయన లెక్క.

ఒక అట్ట మీద ఉన్నది నాకు ఇంకా గుర్తుంది.

"కామిక్: లైట్‌హౌస్ కాపలావాడి కథ. ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పినవాళ్ళు ఈ వారమే చదవాలి. సినిమా: లిఫ్టులో ఇరుక్కున్న ఇద్దరిది. అత్తాకోడళ్ళు కలిసి చూడొద్దు, విడివిడిగా చూడండి. రెజ్లింగ్: గుర్రపునాడా అనేవాడితో డాక్టర్ బండ అనేవాడి ఇనప పంజరం పోటీ. ఇందులో బండ మోకాలికి నిజంగానే దెబ్బ తగిలింది. అయినా ఆపలేదు. పని మానేద్దామనుకుంటున్నవాళ్ళకి."

ఇదీ వాడి పద్ధతి. ఏది బాగుందో చెప్పి ఊరుకునేవాడు కాదు, ఎవరికి బాగుంటుందో చెప్పేవాడు. కథ ఎలా ముగుస్తుందో మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో వాడికి ఎలా తెలిసేదో మరి. ఎవరి గురించి రాశాడో పేరు ఉండేది కాదు. కానీ ఆ మనిషి అట్ట ముందు నిలబడి రెండుసార్లు చదివి, ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూసి, వాడి గదికి వెళ్ళి ఆ కామిక్ అడిగి తెచ్చుకునేవాడు.

నా సంగతే చెబుతాను. మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పదిహేను రోజులు రాయిలా కూర్చుని, నేను ఆర్డరు మీద కుట్టిచ్చే కర్టెన్లు కుట్టాను. వచ్చిన చుట్టాలు నన్ను చూసి "గుండె నిబ్బరం గల మనిషి" అని మెచ్చుకుని వెళ్ళారు. నిబ్బరమూ లేదు, పాడూ లేదు. మా మరిది వచ్చి, ఓదార్పు మాట ఒక్కటీ మాట్లాడకుండా, నా కుట్టుమిషన్ మీద ఒక కామిక్ పెట్టి వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళ కోట్లకి బొత్తాలు కుట్టే ఒక ముసలామె కథ. సగంలో ఆమె పోతుంది. ఆ తర్వాత బొమ్మల్లో ఎవరూ ఏడవరు, ఎవరూ ఏమీ అనరు. ఒక్కొక్క బొమ్మలో ఊళ్ళో ఒక్కొక్కళ్ళ కోటుకి బొత్తాం వేలాడుతూ ఉంటుంది. అంతే. నేను మిషన్ మీద తల పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఏడ్చాను. సాయంత్రం వాడొచ్చి నా మొహం చూసి, కామిక్ పట్టుకుని పోయాడు.

ఇంత తెలిసినవాడికి తన బతుకు మాత్రం తెలియలేదు. ఇంట్లోవాడికి కాక ఊళ్ళోవాళ్ళందరికీ వైద్యం చేసే రకం. గ్రంథాలయంలో పనిచేసే ఒకమ్మాయి రెండేళ్ళపాటు వాడి సిఫార్సులన్నీ వరసపెట్టి చూసింది, చదివింది. పెళ్ళి మాత్రం సినిమాలంటే గిట్టని ఒక ఇన్సూరెన్సు ఆఫీసరుని చేసుకుంది. ఆ శనివారం అట్ట మీద "సినిమా: ఏదైనా ఒకటే" అని రాశాడు. వీధంతా అర్థం చేసుకుని ఊరుకుంది. ఆ తర్వాత నలభై దాటాయి, సైకిల్ షాపు పైన గదిలో కామిక్ కట్టల మధ్య ఒక్కడే ఉండిపోయాడు. భోజనానికి మా ఇంటికి వచ్చేవాడు. పీకల దాకా తిని, టీవీ ముందు కూర్చుని, మా ఆయనకి రెజ్లింగ్ పాఠాలు చెప్పేవాడు.

"అన్నయ్యా, ఇదంతా నాటకమే, నేను కాదనను. కానీ మధ్యలో ఒక్కోసారి నిజంగా తగులుతుంది. అది కనిపెట్టడంలోనే ఉంది మజా. నిజంగా తగిలినవాడు అరవడు. మొహం చూస్తే తెలియదు. వేళ్ళు చూడాలి."

మా ఆయన "ఊఁ" అనేవారు. ఆయన నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం చూడాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా మిషన్, ఇంటికొచ్చాక పేపరు. అలాంటి మనిషి వారానికొకసారి మాత్రం చిన్నపిల్లాడైపోయేవారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్యాక్టరీలో, తయారైన పరుపులు గోడవారగా పేర్చి ఉన్నచోట, అన్నదమ్ములిద్దరూ రెజ్లింగ్ ఆడేవారు. ఇరవై ఏళ్ళ నించీ అదే ఆట. తమ్ముడు వెనకనించి వచ్చి అన్న మెడ చుట్టూ చెయ్యి బిగిస్తాడు. అన్న కళ్ళు తేలేసి పరుపుల మీద పడతారు. అప్పుడు తమ్ముడే రిఫరీ అయిపోయి అన్న చెయ్యి పైకెత్తి వదులుతాడు. రెజ్లింగ్‌లో అది నియమమట. స్పృహ తప్పినవాడి చెయ్యి మూడుసార్లు ఎత్తి వదిలితే, మూడుసార్లూ పడిపోయిందా, ఓడిపోయినట్టు. మా ఆయన చెయ్యి మొదటిసారి పడేది, రెండోసారి పడేది, మూడోసారి గాల్లో నిలిచి వణికేది. కుట్టేవాళ్ళూ కోసేవాళ్ళూ అందరూ ఈలలు వేసేవాళ్ళు. మేస్త్రీ కూడా వచ్చి చూసి, పని చేసుకోండ్రా అని ఉత్తుత్తి కోపంతో అరిచేవాడు.

నేను ఒక్కసారి చూశాను, మా ఆయన మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు. ఇంట్లో నాకెప్పుడూ కనిపించని నవ్వు ఆ మొహంలో కనిపించింది. కొంచెం అసూయగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ శుక్రవారం పొద్దున ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ "తల దిమ్ముగా ఉందే" అన్నారు. నాకు ఆ రోజు ఒక హోటలు కర్టెన్లు అప్పజెప్పాలి. తలెత్తకుండా "ఒక మాత్ర వేసుకుని వెళ్ళండి" అన్నాను. వేసుకుని వెళ్ళారు.

తర్వాత జరిగింది మా మరిదే నాకు చెప్పాడు, ఆసుపత్రి వరండాలో నిలబడి, ఒక్క ముక్క కూడా దాచకుండా.

భోజనాల గంట కొట్టారు. మా ఆయన మిషన్ ఆపి లేచారు. రెండడుగులు వేశారు. పరుపుల దొంతర మీద వెనక్కి పడిపోయారు. ఇంకా తమ్ముడు మెడ చుట్టూ చెయ్యి వెయ్యనేలేదు. "ఈ రోజు అన్నయ్య ముందే పడిపోయాడ్రోయ్!" అని మా మరిది అరిచాడు. అందరూ చుట్టూ చేరారు. మా ఆయన మూతి ఒక పక్కకి లాగేసింది. "చూశారా, మూతి ఎలా వంకర పెట్టాడో! ఇరవై ఏళ్ళకి నటన నేర్చుకున్నాడు మా అన్నయ్య!" అని వీడు మెచ్చుకున్నాడు. చెయ్యి ఎత్తి వదిలాడు. పడింది. రెండోసారి వదిలాడు. పడింది. మూడోసారీ పడింది. అందరూ ఓ అని గోల చేశారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి కథ మారింది కదా, అదొక పెద్ద విశేషం. "ఓడిపోయినవాళ్ళకి టీ లేదు" అని మా మరిది ఒక పరుపు గుడ్డ తెచ్చి అన్న మీద ఛాతీ దాకా కప్పి, అందరితో కలిసి టీకి పోయాడు.

ముప్పావుగంట. గంట కొట్టాక అంచు కుట్టే మిషన్ చప్పుడు వినపడకపోతే మేస్త్రీ వెళ్ళి చూశాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ స్కానింగ్ లేదన్నారు. ఊరవతల పెద్దాసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది.

"ఎన్నింటికి పడ్డారు?" అని డాక్టరమ్మ అడిగింది. మా మరిది నిమిషాలతో సహా చెప్పాడు. ఆవిడ చేతి గడియారం చూసుకుంది. మెదడులో రక్తం గడ్డ కట్టింది, కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ ఇన్ని గంటల్లోపే ఇవ్వాలి, ఆ గడువు దాటి అరగంట అయింది అని మెల్లగా చెప్పింది. ఆవిడ గొంతులో తిట్టు లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ వెళ్ళాక వాడు నాకు ఇదంతా చెప్పాడు. చివర్లో "వేళ్ళు చూడలేదు వదినా" అన్నాడు. "వేళ్ళు చూసుంటే తెలిసేది. మొహం చూసి మోసపోయాను."

చెంప ఛెళ్ళుమనిపించాను. వరండాలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. పన్నెండేళ్ళప్పుడు కూడా వాణ్ణి నేను కొట్టలేదు. "మళ్ళీ నా గడప తొక్కావంటే చూడు" అన్నాను. వాడు చెంప తడుముకోలేదు, ఏడవలేదు. బుర్ర వంచుకుని మెట్లు దిగి పోయాడు.

మా ఆయన బతికారు. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. అసలే మాట్లాడని మనిషి, ఇక మాట అక్కర్లేదని దేవుడనుకున్నాడు కాబోలు. మనం అనేది అంతా అర్థమయ్యేది. అవునంటే తల కిందికీ పైకీ, కాదంటే అడ్డంగా. కూర్చోబెట్టడానికీ, పడుకోబెట్టడానికీ, తినిపించడానికీ నేనే. మిషన్ ఆయన మంచం పక్కకి జరుపుకుని అక్కడే కర్టెన్లు కుట్టేదాన్ని. వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు ఒకాయన వచ్చేవాడు. "మీరు సహకరించాలి సార్" అని బతిమాలేవాడు. మా ఆయన గోడ వైపు మొహం తిప్పుకునేవారు.

రెండో నెలలో ఒక రోజు ఆయన మొహం తుడుస్తుంటే, నాలో పురుగులా తొలుస్తున్న మాట బయటపడింది.

"ఆ రోజు మీకు తెలివి ఉందా? వాడు చెయ్యి ఎత్తి వదులుతుంటే తెలిసిందా?"

తల కిందికీ పైకీ కదిలింది.

"వాళ్ళు నవ్వడం వినిపించిందా?"

మళ్ళీ కదిలింది.

"చెయ్యి నిలబెట్టాలని చూశారా?"

ఈసారి తల కదల్చలేదు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. నేను తువ్వాలు అక్కడే పడేసి వంటింట్లోకి పోయాను. గ్యాసు పొయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజునించి నా కోపానికి ఒక ఆయుధం దొరికింది. వాడు ఎప్పుడో ఒకప్పుడు నా కంట పడకపోడు. అప్పుడు మొహం మీదే చెబుతాను. మీ అన్నకి అంతా వినిపించింది రా, నువ్వు టీకి పోతుంటే నీ చెప్పుల చప్పుడు కూడా వినిపించింది రా అని. ఎలా అనాలో, ఏ మాట ముందు అనాలో కర్టెన్లు కుడుతూ మనసులో వల్లె వేసుకునేదాన్ని. ఆ వల్లె లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవో నాకు తెలియదు. తలెత్తకుండా మాత్ర వేసుకోమన్నది నేనే కదా. ఆ సంగతి మనసులోకి వచ్చినప్పుడల్లా వాడి మీద కోపం ఇంకొంచెం మండించుకునేదాన్ని. చేసిన తప్పు ఇద్దరిదైతే, తిట్టు ఒక్కడికే పెట్టడం హాయి.

మందుల షాపు షట్టరు మీద అట్ట కనపడ్డం మానేసింది. వీధిలో కొన్నాళ్ళు అందరూ అడిగారు, తర్వాత మానేశారు. వాడు ఫ్యాక్టరీకి వెళ్తున్నాడనీ, ఎవరితో మాట్లాడట్లేదనీ, మధ్యాహ్నం పూట పరుపుల దొంతర దిక్కు చూడకుండా బయట ఎండలో నిలబడి తింటున్నాడనీ మేస్త్రీ చెప్పాడు. శనివారం నాలుగింటికి వీధి మొదట్లో వచ్చి నిలబడతాడని పక్కింటావిడ చెప్పింది. నేను కిటికీ మూసేశాను.

అప్పుడు మందుల సంచీలో అట్ట ముక్కలు రావడం మొదలైంది. ప్రతి శనివారం మందుల షాపాయన మాత్రలతోపాటు సంచీలో ఒక చిన్న అట్ట, దాంతోపాటు ఒక కామిక్, ఒక సినిమా వేసిన పెన్‌డ్రైవ్ పెట్టి పంపేవాడు. మొదటి నాలుగు వారాలు అట్టలు చింపేశాను. పుస్తకాలూ అవీ వెనక్కి పంపించేశాను. "అమ్మా, నాదేం లేదు, నన్ను మధ్యలో పెట్టకండి" అని మందుల షాపాయన గోల. అయిదో వారం ఎందుకో చదివాను.

"కామిక్: పలచనిది, ఇరవై పేజీలు. ఒక చేత్తో పట్టుకోవచ్చు. పేజీల మూలలు మడిచి పెట్టాను, ఎడమచేత్తో తిప్పడానికి. సినిమా: మాటలు లేవు. చివర్లో మాట్లాడతారేమో అని ఎదురుచూడక్కర్లేదు, ఎవరూ మాట్లాడరు, అయినా బాగుంటుంది. రెజ్లింగ్: లేదు."

కథ చివర ఏం జరుగుతుందో చచ్చినా చెప్పనివాడు, ఆ ఒక్క అట్ట మీద చెప్పాడు. కామిక్ తెరిచి చూశాను. ఇరవై పేజీలకీ కింద మూలలు చెవుల్లా మడిచి, ఆ మడతల మీద అంటు టేపు వేసి గట్టిచేశాడు. ఎన్ని గంటలు కూర్చున్నాడో. దాన్ని మా ఆయన ఎడమచేతి కింద పెట్టాను. బొటనవేలు మడతని వెతుక్కుంది. ఒక పేజీ తిరిగింది. ఆ వేలు రెండో మడత మీదికి వెళ్ళింది. వ్యాయామం చేయించేవాడు ఇన్నాళ్ళూ బతిమాలినా మా ఆయన కదల్చని వేలు అది. నాకు సంతోషం వేసింది, ఆ సంతోషం మీద మళ్ళీ ఒళ్ళు మండింది.

అప్పట్నించి వారంవారం వచ్చేవి. నీళ్ళలో దీపం మోసుకెళ్ళే కుక్క కామిక్. ఒక ఊళ్ళో గడియారాలన్నీ బాగుచేసి తన గడియారం మర్చిపోయిన మనిషి సినిమా. ప్రతి అట్ట మీద చివర "రెజ్లింగ్: లేదు" అని ఉండేది. సంవత్సరాలపాటు దాని పరువు కోసం నాతో పోట్లాడినవాడు.

మా ఆయన శనివారం నాలుగు కాగానే తలుపు వైపు చూసేవారు. సంచీ వచ్చాక కూడా చూపు తిప్పేవారు కాదు. నాకు అర్థమైనా అర్థం కానట్టు నటించాను. నెల తర్వాత ఆయన తినడం మానేశారు. చెంచా నోటి దగ్గర పెడితే పెదాలు బిగించి తలుపు చూశారు.

"ఏం కావాలి మీకు? వాడు కావాలా?"

తల కిందికీ పైకీ.

"ఇంత చేసినవాడి మొహం చూడాలా?"

తల కిందికీ పైకీ.

"మీకు సిగ్గులేకపోతే నాకుంది" అన్నాను. అన్నాక నాలిక కొరుక్కున్నాను. కదలలేని మనిషిని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో. మర్నాడు మందుల షాపాయనతో చెప్పి పంపాను, శనివారం రమ్మని. పిలుస్తూనే అనుకున్నాను, రానీ, ఇదే సమయం, ఇవాళ చెప్పేస్తాను అని.

నాలుగింటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. చేతిలో అట్టా లేదు, పుస్తకమూ లేదు. గడప దగ్గర ఆగి నా మొహం చూశాడు. "రా" అన్నాను. అంతకంటే మర్యాద నా వల్ల కాలేదు.

మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు, తన తల అన్నయ్య తల కంటే కిందికి ఉండేట్టు. నేను మిషన్ దగ్గర నిలబడ్డాను, కత్తెర చేతిలో పట్టుకుని. మా ఆయన ఎడమచెయ్యి వాడి జుట్టులోకి వెళ్ళింది. వాడు ఆ చెయ్యి తీసి మంచం మీద మెల్లగా పెట్టేశాడు.

"ఉండు అన్నయ్యా. ముందు ఒకటి అడగాలి. అయిదు నెలలుగా నాకు నిద్ర లేదు. ఏ సినిమా పెట్టినా సగంలో ఆపేస్తున్నాను." వాడు తలెత్తి అన్న మొహంలోకి చూశాడు. "ఆ రోజు నీకు స్పృహ ఉందా? నేను నీ చెయ్యి ఎత్తింది... మేం నవ్వింది... నీకు తెలిసిందా? తెలిసిందని అన్నా సరే. నిజం చెప్పు. పడిన వెంటనే తెలివి పోయిందని డాక్టరమ్మ అంటే నేను నమ్మలేదు. నువ్వు చెబితే నమ్ముతాను."

నా నోట్లో మాటలు వరసగా నిలబడి ఉన్నాయి. నెలల తరబడి వల్లె వేసినవి. పెదాలు విప్పితే చాలు.

మా ఆయన వాడి వైపు చూడలేదు. వాడి తల మీంచి తిన్నగా నా వైపు చూశారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఎన్నడూ ఏదీ అడగలేదు, ఇది కుట్టు, అది వండు అని కూడా. ఆ చూపులో ఆయన నన్ను అడిగారు. తర్వాత వాడి వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. ఒకసారి కాదు, మూడునాలుగుసార్లు, గట్టిగా, మెడ నరాలు కనిపించేట్టు.

నాతో అవునన్న మనిషి వాడితో కాదన్నారు.

మా మరిది పరుపు అంచు పట్టుకుని దాని మీద నుదురు ఆనించి ఏడ్చాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఏడ్చినట్టు, ఊపిరి తిరక్కుండా. మా ఆయన ఎడమచెయ్యి మళ్ళీ వాడి జుట్టులోకి వెళ్ళింది. ఈసారి వాడు తీసెయ్యలేదు. నేను కత్తెర మిషన్ మీద పెట్టి, చేసే పనేమీ లేక, టీ పెట్టడానికి పోయాను. మరుగుతున్న నీళ్ళు చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆయన తరఫున కోపగించుకున్నాననుకున్నాను. ఆయన పక్షాన నిలబడింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆయనకి ఆ కోపం అక్కర్లేకపోతే అదింకెవరిది?

వెళ్ళేటప్పుడు వాడు వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"వదినా, అన్నయ్య నిజంగానే చెప్పాడా? నీకేమైనా తెలుసా?"

వాడి కళ్ళలోకి చూడలేదు. మెట్టు మీద పడ్డ దారప్పోగు ఒకటి కనిపిస్తే వంగి తీశాను.

"మీ అన్న చెప్పాక మళ్ళీ నన్నడుగుతావేంట్రా? నీకు బుద్ధుందా?" అని కసిరాను. "వచ్చేవారం పెందరాళే రా. ఆయనకి గడ్డం గీయాలి, నా వల్ల కావట్లేదు."

వాడు సరేనన్నాడు. వీధి మలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూశాడు.

తలుపు వేసి లోపలికి వచ్చాను. మా ఆయన మంచం మీద సగం పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. ఒక్క చేత్తో లేవబోయినట్టున్నారు, వాకిట్లో మాటలు వినడానికి. మొహమంతా చెమట. నన్ను చూస్తున్నారు. ఆ కళ్ళలో అంత భయం నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు.

"చెప్పలేదులెండి" అన్నాను.

అప్పుడు కళ్ళు మూసుకున్నారు.